ఇరవై రెండు సాసులు, ఒక వియ్యంకుడు

మేడ్చల్ రోడ్డు మీద బార్బెక్యూ హోటళ్లు ఎక్కువైపోయాయని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఎక్కువవడమేమిటి? ఇంకా చాలలేదు! కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, మేడ్చల్ నుంచి అడ్డంగా శామీర్‌పేట దాకా ఎక్కడైనా బొగ్గుల వాసన రాని అర కిలోమీటరు మిగిలి ఉందంటే, అది మన ప్రాంతపు అభివృద్ధికి పట్టిన శని అని నా అభిప్రాయం.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. ఈ విషయం మీద నేను మూడు వారాలు కడుపు చెడగొట్టుకుని పరిశోధన చేసినవాణ్ణి.

ఒకప్పుడు ఇంటికి చుట్టం వస్తే ఏం చేసేవాళ్లం? పెరట్లో కోడి వెంట పరుగెత్తేవాళ్లం. అది దొరికితే కూర, దొరక్కపోతే పప్పు. ఇందులో ఎంపిక ఎక్కడుంది? హుందాతనం ఎక్కడుంది? పైగా ఉప్పు ఎక్కువైతే వండిన ఇల్లాలికి తలవంపులు. మరి ఇప్పుడు? బల్ల మధ్యలో గుంట, గుంటలో నిప్పులు, నిప్పుల మీద ఇనుప ఊచలు, ఊచలకు ముక్కలు. చుట్టం తన ముక్క తానే కాల్చుకుంటాడు. మాడిందా, తప్పు చుట్టానిది! మన అతిథి మర్యాదలో ఇంతటి సంస్కరణ ఇంకెవరైనా తెచ్చారా?

ఇక సాసులు. మా చిన్నప్పుడు సాసు అంటే కట్లెట్ పక్కన పోసే ఎర్రటి నీళ్లు. ఇప్పుడు పచ్చది ఉంది, తెల్లది ఉంది, తారులాంటి నల్లది ఉంది, ఏ రంగో చెప్పలేనిది కూడా ఒకటుంది. వచ్చిన చుట్టంతో ఏం మాట్లాడాలో తోచనప్పుడు ఆ గిన్నె ఇటు జరిపి, ఈ గిన్నె అటు జరిపి గంటసేపు గడిపేయవచ్చు. ఇది చిన్న సౌకర్యమా?

నమ్మకం కుదరనివాళ్ల కోసం మా ఇంటి ఉదాహరణే చెబుతాను.

మా అబ్బాయి అన్వేష్, మా కోడలు అశ్రిత తమంతట తామే ఇష్టపడి రిజిస్టర్ పెళ్లి చేసుకుని రెండేళ్లయింది. అశ్రితది అమలాపురం దగ్గర ఊరు. తల్లి లేదు. తండ్రి వెంకటేశ్వరరావు గారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఉన్న ఒక్క కూతురు ఎరగని ఊళ్లో, ఎరగని మనుషుల మధ్య పడిందన్న బాధతో ఆయన పెళ్లికి రాలేదు, రిసెప్షన్‌కూ రాలేదు. నేను ఫోన్ చేసి, మీ బిడ్డకు మా ఇంట్లో దేనికీ తక్కువ చేయబోమని గొప్పగా మాటిచ్చాను. ఆయన విని, సరేనండి అని పెట్టేశారు. ఆ 'సరేనండి' తర్వాత రెండేళ్లు మా ఇంటి గడప తొక్కలేదు.

అలాంటి మనిషి రెండు వేల తొమ్మిది ఫిబ్రవరిలో కబురు పెట్టారు. ఏదో పని మీద నెలాఖరు శుక్రవారం తార్నాకలో స్నేహితుడి ఇంటికి వస్తున్నారట. శనివారం ఒక పూట మాతో గడిపి, అమ్మాయి ఎలా ఉందో చూసి, సాయంత్రం అయిదున్నర రైలుకు వెళ్లిపోతారట. ఆ ఒక్క పూటలో ఆయన మనసు కుదుటపడితే రాకపోకలు మొదలవుతాయి. పడకపోతే మా కోడలికి పుట్టిల్లు ఇక ఫోనులోనే. ఆ పిల్ల అన్నాళ్లూ గోడకున్న క్యాలెండర్ చూసుకుంటూ తిరిగింది.

ఇంట్లోనే వండుతాను మామయ్యా అంది. నేను ఒప్పుకోలేదు.

"ఏంది బిడ్డా, మీ నాయిన తొల్తసారి వస్తాండు. ఇంట్ల కూడు పెట్టి పంపుతమా? ఇజ్జత్ ఏముంటది?" అన్నాను.

చూశారా, ఎంత ప్రేమ! ఆ పిల్ల వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒప్పుకుందనుకున్నాను.

వెంటనే కమిటీ వేశాం. కమిటీ అంటే నేను, మా అన్న బాలరాజు, నా భార్య పద్మలత. మా అన్న రియల్ ఎస్టేట్ మనిషి. బౌరంపేట నుంచి శామీర్‌పేట దాకా ప్రతి హద్దురాయి ఆయనకు పేరుపేరునా తెలుసు, ఎందుకంటే చాలా రాళ్లు ఆయన పాతించినవే. ముందుగా వారాలు చూశాం. మా వైపు ప్రతి మనిషికీ ఒక వారం ఉంటుంది. ఆ రోజు నీసు ముట్టరు, చాలామంది ఒక్కపొద్దు ఉంటారు. మా అన్నకు సోమవారం, నా భార్యకు గురువారం. వియ్యంకుడికి ఏ వారమో తార్నాక స్నేహితుడి ద్వారా కనుక్కుంటే ఆయనకూ సోమవారమే అని తేలింది. కారు నడిపే వీరభద్రాన్ని కూడా అడిగాం, మంగళవారమన్నాడు. మా అమ్మ సత్యమ్మకు శనివారం. కానీ ఆమెకు ఎనభై దాటాయి, ఎలాగూ కారెక్కదు. కాబట్టి శనివారం అందరికీ దివ్యంగా కుదిరిందని తీర్మానం చేశాం.

తర్వాత హోటళ్ల మీద పడ్డాం. మూడు వారాలు, సాయంత్రం కాగానే కారెక్కడమే.

శామీర్‌పేట వైపు ఒక పంజాబీ బార్బెక్యూ ఉంది. వంటాయనది సిద్దిపేట. పంజాబ్ ఎప్పుడైనా చూశావా అని అడిగితే, కరీంనగర్ దాకా పోయిన సార్ అన్నాడు. దాని పక్కనే నిజాం కాలపు వంటకాలంటూ ఇంకొకటి. వంటకాల సంగతి నేను చెప్పలేను, సీలింగు ఫ్యాను మాత్రం నిజాం కాలందే. మేడ్చల్ దాటాక రాయలసీమ నిప్పుల కోడి ఉంది. అక్కడ తిన్నవాడికి వెంటనే చక్కెర నోట్లో పోయడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టారు. సేవాభావమంటే అది! కొంపల్లిలో గోదావరి గ్రిల్ ఉంది. వియ్యంకుడికి సొంత ఊరి రుచి కదా అని నేనంటే, మా అన్న కొట్టిపారేశాడు. గోదావరాయనకు గోదావరి పెడితే మన గొప్పేముందన్నాడు. అదీ నిజమే కదా?

మీకొక సంగతి చెప్పాలి. ఆ మొత్తం దారిలో దేశంలోని అన్ని ప్రాంతాల పేర్లూ ఉన్నాయి, మా ప్రాంతం పేరు తప్ప. మా ఊళ్ల మధ్యలో మా తిండి ఒక్కటే దొరకదు. దీన్నే కాస్మోపాలిటన్ అంటారట. విని చాలా గర్వపడ్డాను.

సాసుల పరిశోధన నా వంతు. మేడ్చల్లో ఒక హోటల్లో సాసులకే ఒక బండి ఉంది. నాలుగు చక్రాలు, ఇరవై రెండు గిన్నెలు. ఏది దేంతో నంజుకోవాలో నేను నోటుబుక్కులో రాసుకున్నాను. నల్లది మేకకు. తెల్లది చేపకు. తేనెలాంటిది కోడిరెక్కలకు. పదిహేడో గిన్నె దేనికో హోటలువాళ్లకే తెలియదు, ఎవరైనా కనిపెడితే చెప్పమన్నారు. తెల్లది కొంచెం ఇంటికి తెచ్చి మా అమ్మకు చూపిస్తే, పెరుగు ఇరిగింది పారబొయ్యిరా అంది. పాత తరం! రాత్రిళ్లు పుస్తకం ముందు పెట్టుకుని ఇరవై రెండూ వరసగా అప్పజెప్పేవాణ్ణి. పదో తరగతిలో ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే నా బతుకు వేరుగా ఉండేది.

చివరికి మా అన్న శామీర్‌పేట అన్నాడు, నా భార్య మేడ్చల్ అంది. అన్న పెద్దవాడు కాబట్టి శామీర్‌పేట ఖాయమైంది.

శనివారం పదకొండు గంటలకు తార్నాకలో వెంకటేశ్వరరావు గారిని ఎక్కించుకున్నాం. సన్నగా, తెల్ల చొక్కాలో, చేతిలో చిన్న సంచీతో నిలబడి ఉన్నారు. కూతురిని చూసి తల నిమిరారు. ఆ తండ్రీకూతుళ్లు పక్కపక్కన కూర్చుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ మర్యాద ఒకటుంది కదా! ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాం. అశ్రిత, అన్వేష్ చిట్టచివరి సీట్లో కూర్చున్నారు. మధ్యలో మేం ముగ్గురం, అంటే కమిటీ.

అల్వాల్ దాటినప్పటి నుంచి మా అన్న మొదలుపెట్టాడు. అదిగో ఆ వెంచర్ మాదే, ఇదిగో ఈ వెంచర్ మా దోస్తుది. రెండు చోట్ల కారు ఆపి దింపి రాళ్లు కూడా చూపించాడు. వియ్యంకుడు ప్రతి రాయినీ ఓపిగ్గా చూసి, ఆయ్, బావుందండి అన్నారు. ఒకసారి వెనక్కి తిరిగి, అమ్మాయి ఏమైనా తిన్నదా అని అడగబోయారు. తినడానికే పోతున్నం గద అని మా అన్న ఆయన్ను ఇంకో రాయి దగ్గరికి తీసుకుపోయాడు.

శామీర్‌పేటలో మేం ఎంచుకున్న హోటల్ మొత్తం ఎవరిదో ప్లాటు రిజిస్ట్రేషన్ దావత్‌కు బుక్కయిపోయింది. నా భార్య కిటికీలోంచి బయటికి చూసింది. ఆ చూపుకు కారు తనంతట తనే మేడ్చల్ వైపు తిరిగింది. మేడ్చల్లో మేం బల్ల ముందు కూర్చునేసరికి రెండున్నర.

ఇక్కడ మాకు వడ్డించడానికి వచ్చిన మనిషి ఓదెలు. ఒకప్పుడు మా పొలంలో నాగలి పట్టినవాడు. ఆ పొలం ప్లాట్లయింది, ప్లాట్ల మీద హోటలు లేచింది, ఓదెలు అదే చోట మెడకు నల్ల బో కట్టుకుని ఊచలు మోస్తున్నాడు. ఉద్యోగం మారినా ఊరు వదలాల్సిన పని లేకపోవడం ఎంత అదృష్టం!

బల్ల మీద ఒక చిన్న జెండా ఉంటుంది. అది నిలబడి ఉన్నంతసేపూ ముక్కలు వస్తూనే ఉంటాయి. చాలనుకుంటే జెండాను పడుకోబెట్టాలి. తెల్లవాడి లెక్కలో ఇది సులువే. మా లెక్క వేరు. బంతిలో పెద్దవాళ్లు లేవనిదే చిన్నవాళ్లు లేవరు. వియ్యంకుడు చాలనకుండా పెద్దవాళ్లు చాలనరు. పిల్లనిచ్చిన ఆయన ముందు మేం జెండా పడుకోబెట్టడమంటే, తిన్నది చాలు లేవండని మొహం మీద చెప్పడమే. ఆయన లెక్కేమిటో నాకు తర్వాత తెలిసింది. పెట్టేవాళ్లు సంతోషంగా పెడుతున్నప్పుడు అతిథి ముందుగా చాలంటే వాళ్లను చిన్నబుచ్చినట్టేనట.

కాబట్టి జెండా నిలబడే ఉంది. కోడి వచ్చింది, చేప వచ్చింది, మేక వచ్చింది, మళ్లీ కోడి వచ్చింది. నేను నోటుబుక్కు తీసి, ఇది ఆరో గిన్నెలో ముంచండి, అది పద్నాలుగులో ముంచండి అని వియ్యంకుడికి సేవ చేస్తూనే ఉన్నాను. మూడున్నరకు మా అన్న బెల్టు వదులు చేసుకున్నాడు. నాలుగుకు అన్వేష్ కళ్లు మూతలు పడ్డాయి. వెంకటేశ్వరరావు గారి నుదుటి మీద చెమట. ఆయనా తింటున్నారు, మేమూ తింటున్నాం, ఎవరి చెయ్యీ జెండా వైపు పోదు. దేశభక్తి గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఆ రోజు మమ్మల్ని చూడాల్సింది!

నాలుగుంబావుకు ఓదెలు ఒక ఊచ తెచ్చి అశ్రిత పళ్లెం పక్కన పెట్టాడు. దానికి అనాసపండు ముక్కలు, క్యాప్సికం గుచ్చి ఉన్నాయి. ఇది మేం చెప్పలేదు కదా అన్నాను.

"బిడ్డకు శనివారమున్నట్టుంది పటేలా. వచ్చినప్పటి సంది నీళ్లు దప్ప ఏం ముట్టలే. మా ఇంట్ల గూడ శనివారమే, గందుకే గుర్తువట్టిన" అన్నాడు ఓదెలు.

అప్పుడు ఆ పిల్ల పళ్లెం చూశాను. శుభ్రంగా, కడిగి పెట్టినట్టు ఉంది. గంటా నలభై అయిదు నిమిషాలు నేను ఆమెకు ఎదురుగా కూర్చుని ఉన్నాను.

వెంకటేశ్వరరావు గారు చేతిలో ఊచ కింద పెట్టారు. ఆయన ఆ పళ్లెం ఎప్పుడో చూశారు. వచ్చినప్పటి నుంచీ ఆయన చూస్తున్నది అదొక్కటే.

"వాళ్లమ్మకి ఉండేదండి శనివారం. ఆవిడ పోయాక అమ్మాయి పట్టుకుంది. ఏడో తరగతి నుంచీ ఉంటోందండి" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. తర్వాత నావైపు తిరిగి, లెక్కల మాస్టారు వెనక బెంచీవాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగారు.

"మీ ఇంట్లో శనివారాలు ఏం తింటుందండీ?"

పాఠకులారా, ఇరవై రెండు సాసుల్లో ఏది అడిగినా నేను చెప్పగలను. ఈ ప్రశ్న నోటుబుక్కులో లేదు. నా భార్య వైపు చూశాను. శనివారాలు ఆమె కుత్బుల్లాపూర్‌లో చెల్లెలి ఇంటికి వెళ్తుంది. అన్వేష్ వైపు చూశాను. వాడికి ప్రతి శనివారం షిఫ్టు ఉంటుంది, తిండి ఆఫీసు క్యాంటీన్‌లో. ఆ ఒక్క రోజే సెలవు పెట్టి వచ్చాడు. మా అన్న మాత్రం ధైర్యం చేసి, శనివారానికి వెజిటేరియన్ బార్బెక్యూ కొంపల్లిలో ఒకటి పడ్డదన్నాడు. నాకు సిగ్గేసింది. రెండేళ్ల క్రితం ఫోనులో ఈయనకు నేనిచ్చిన మాట గుర్తొచ్చి, బల్ల మధ్యలో ఉన్న ఆ గుంటలో దూరిపోతే బాగుండుననిపించింది.

జవాబు ఆ పిల్లే చెప్పింది.

"అవ్వా నేనూ ఉంటం కదా నాన్నా. పచ్చిపులుసు చేసుకుంటం" అంది.

ఆయన కూతురి మొహంలోకి కాసేపు చూశారు. ఆమె యాస మారిన సంగతి మాకెవరికీ తెలియదు. ఆయన మాత్రం విన్నారు. మెల్లగా చెయ్యి చాచి జెండాను ఆయనే పడుకోబెట్టారు. టైము చూసుకున్న మా అన్న కంగారుపడి, ఇప్పుడు బయలుదేరితే రైలు కష్టంగా దొరుకుతుందని వీరభద్రాన్ని కేకేశాడు.

"రైలు సంగతి తర్వాత చూద్దామండి. మీ ఇల్లు ఇక్కడికి దూరమాండీ?" అన్నారు వెంకటేశ్వరరావు గారు.

అప్పుడు నాకు తట్టింది. పొద్దుటి నుంచీ ఆయనకు రెండు వెంచర్లు చూపించాం, శామీర్‌పేట చెరువు చూపించాం, వెంచరుకు కొత్తగా కడుతున్న ప్రహరీగోడ చూపించాం. కూతురు కాపురం ఉంటున్న ఇల్లు ఒక్కటీ చూపించలేదు! మా కార్యక్రమంలో అది అసలు లేనే లేదు.

బిల్లు వచ్చి, అది కట్టి ఇంటికి చేరేసరికి అయిదున్నర దాటింది. రైలు తన మానాన తను పోయింది. మా అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. పొద్దున్నుంచి తను కూడా తినలేదట, అశ్రిత వస్తుందని చూస్తోందట. పోరి ఒక్కపొద్దు ఉన్న సంగతి నీకు తెల్వదారా అని నన్ను అడగలేదు. నా మొహం చూసి, తెలియదని ఆమెకు అర్థమైపోయింది. స్టవ్ మంట మీద పచ్చిమిరపకాయలు చుట్టూ నల్లబడేలా కాల్చింది. చింతపండు రసంలో వాటిని పిసికి, ఉప్పు, జీలకర్ర వేసింది. అశ్రిత అన్నం దించింది. ఇద్దరూ వంటింట్లో కింద కూర్చుంటే, వెంకటేశ్వరరావు గారు ఎవరూ పిలవకుండానే వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నారు.

"శనివారం నాడు ఇంట్ల మా ఇద్దరిదే బంతి, నాయినా. నువ్వుగూడ కలువు" అంది మా అమ్మ.

అంత కోడీ మేకా తిన్న మనిషి రెండు ముద్దలు కలుపుకుని తిన్నారు. కూతురు రెండోసారి అన్నం పెట్టుకుంది. ఆమె రెండోసారి పెట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. రోజూ ఒకే కప్పు కింద ఉంటున్నాం, ఆ పిల్ల ఎంత తింటుందో నాకు తెలియదు. ఆయన వెళ్లింది ఆ రోజూ కాదు, మర్నాడూ కాదు. సోమ, మంగళవారాలు బడికి సెలవు పెట్టి, మంగళవారం వెళ్లారు. వేసవి సెలవుల్లో మళ్లీ వస్తానన్నారు. ఈసారి బయటికి తీసుకెళ్లకండి బావగారూ అని కూడా అన్నారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, బార్బెక్యూను ఆడిపోసుకోకండి! ఆ జెండా అంతసేపు నిలబడి ఉండకపోతే మా వియ్యంకుడు వేళకు రైలెక్కి, మా మర్యాదలను మెచ్చుకుంటూనే, జన్మలో మళ్లీ వచ్చేవారు కాదు. కొత్త చుట్టాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలని నన్ను అడిగితే మేడ్చలే అంటాను. ఏ సాసు దేంతో నంజుకోవాలన్నా ఫోన్ చేయండి, నిస్సంకోచంగా చెబుతాను. శనివారం మాత్రం చేయకండి. ఆ రోజు చింతపండు పిసికే పని నాకు అప్పగించారు. రుచి మీద నా అభిప్రాయాలు చెప్పకుండా నోరు మూసుకుంటేనే బంతిలో చోటని మా అమ్మ షరతు. ఇంకా ఒక్కసారి కూడా ఉప్పు సరిపోయిందా అని నన్నెవరూ అడగలేదు.